పిల్లల హోమ్ నుంచి 18 ఏళ్ళకు బయటికొచ్చిన కుర్రాడు: ప్రభుత్వం నుంచి ఏమైనా సాయం వస్తుందా?

చల్లగాలి | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళలో నేనిక్కడ ఏసీ గ్యాసు, స్టెబిలైజర్లు తప్ప ఇంకో సంగతి రాయలేదు. ఇది వేరే, కాస్త పెద్దది. ఓపిగ్గా చదవండి.

మాది ఉత్తర తెలంగాణలో చిన్న టౌను. ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపు. మూడు నెలల కింద ఐటీఐలో పనిచేసే మిత్రుడు ఫోన్ చేసి, "ఒక పిల్లగాడున్నాడు, హోమ్‌లో పెరిగాడు. 18 నిండాయని పంపించేశారు. పని నేర్పుతావా?" అన్నాడు. పంపమన్నాను. రేకు పెట్టె ఒకటి, ప్లాస్టిక్ ఫైలు ఒకటి పట్టుకుని దిగాడు. పేరు రాయను, బుజ్జి అనుకోండి.

పని బాగానే పట్టుకుంటున్నాడు. మిగతావే నాకు అర్థం కావు. పొద్దున అయిదింటికి లేచి, పక్క చుట్టేసి, షట్టర్ దగ్గర నిలబడతాడు. ఎందుకు నిలబడ్డావంటే చెప్పలేడు. నీళ్ళు తాగాలన్నా "తాగొచ్చా సార్" అని అడుగుతాడు. మొదటి నెల చేతిలో తొమ్మిది వేలు పెడితే మూడు రోజులు జేబులోనే వేసుకుని తిరిగాడు. బ్యాంకు పాస్‌బుక్ ఉంది, హోమ్‌లో ఉన్నప్పుడు తీసిచ్చారట. స్లిప్పు రాయడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాడికి 16 ఏళ్ళప్పుడు ఒక బండి దొంగతనం కేసు ఉంది. ఇద్దరు పెద్దవాళ్ళు బండి తీస్తే వీడు సందు మొదట్లో నిలబడి చూస్తున్నాడట. కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో కొన్ని నెలలు ఉంచారు. తీసుకెళ్ళడానికి అయినవాళ్ళెవరూ లేరని అక్కణ్ణుంచి ఇంకో హోమ్‌కి మార్చారు. పదో తరగతి అక్కడే పాసయ్యాడు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌కి (స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జీడీ పరీక్ష) అప్లై చేస్తానంటాడు.

నా ప్రశ్నలు రెండు. ఇలా బయటికి వచ్చినవాళ్ళకు ప్రభుత్వం నుంచి డబ్బు గానీ, ఉండడానికి చోటు గానీ ఏమైనా ఉందా? ఆ పాత కేసు ఉద్యోగం వెరిఫికేషన్‌లో బయటపడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కుండబద్దలు | శనివారం, రాత్రి 11:20

ఎవరికి నచ్చినా నచ్చకపోయినా చెప్తాను. మా అమ్మ పొద్దున్నే ముగ్గేస్తుంటే బైక్ మీద వచ్చి పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ మీద ఆ గీత ఇంకా ఉంది. దొరికినవాడికి 17 ఏళ్ళన్నారు, అంతే, వాడు పిల్లాడైపోయాడు. ఇప్పుడు వాళ్ళకు నెలనెలా డబ్బు కూడానా? డిగ్రీ చేసి మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న మా తమ్ముడికి ఎవరిస్తారు?

నల్లకోటు | ఆదివారం, ఉదయం 7:05

చల్లగాలి గారూ, నేను కోస్తాలో లాయర్ని. న్యాయ సేవాధికార సంస్థ తరఫున జువెనైల్ జస్టిస్ (జేజే) బోర్డులో పిల్లల కేసులు చూస్తుంటాను. రెండు ప్రశ్నలకూ జవాబుంది.

డబ్బు ఉంది. బాల న్యాయ చట్టం 2015, సెక్షన్ 46. హోమ్‌లో ఉండి 18 నిండి బయటికి వెళ్ళేవాళ్ళకు ఆర్థిక సాయం చేయవచ్చు అంటుంది. దీన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. మామూలుగా 21 ఏళ్ళ దాకా, మరీ అవసరమైన సందర్భాల్లో ఇంకో రెండేళ్ళు, అంటే 23 దాకా. కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి నెలకు 4,000 రూపాయలు. అంతకుముందు 2,000 ఉండేది. మన రాష్ట్రాల్లో ఇందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది.

"చేయవచ్చు" అన్న మాట మళ్ళీ చదవండి. "చేయాలి" అని లేదు. అందుకే అడిగినవాడికే వస్తుంది. చాలామందికి అడగాలనే తెలియదు.

కేసు గురించి చెప్పే ముందు నాకు కొన్ని తెలియాలి. బోర్డు చివరి ఉత్తర్వు కాపీ ఆ ప్లాస్టిక్ ఫైల్లో ఉందా? అసలు కేసు ముగిసిందా? పెద్దవాళ్ళతో కలిసి అంటున్నారు కాబట్టి ఎఫ్ఐఆర్ ఉండే ఉంటుంది. మామూలుగా ఘోరమైన నేరాలకు తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదు. కానీ పెద్దవాళ్ళతో కలిసి చేసిన నేరమైతే కడతారు, అది నియమాల్లోనే ఉంది.

మాజీ పీవో | ఆదివారం, ఉదయం 9:31

ప్రొబేషన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. లాయరుగారు చెప్పింది సరే, ఒకటి కలుపుతాను. పిల్లవాడు హోమ్ విడిచే తేదీకి రెండు నెలల ముందే బయట ఎక్కడ ఉంటాడు, ఏం చదువుతాడు, ఏం పని చేస్తాడు అని ఒక ప్లాన్ రాసి బోర్డుకో సీడబ్ల్యూసీకో (బాలల సంక్షేమ కమిటీ) పెట్టాలి. ఆ చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. డబ్బు నేరుగా పిల్లవాడి ఖాతాలో పడాలని కూడా ఉంది. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి ఉండేట్టు అద్దె ఇళ్ళు, ట్రైనింగ్‌లో ఉన్నంతకాలం స్టయిపెండ్, సొంతంగా ఏదైనా పెట్టుకుంటే అప్పు, ఇవన్నీ రాసి ఉన్నాయి.

నా సర్వీసులో ఆ ప్లాన్లు నేనే చాలా రాశాను. అబద్ధం ఎందుకు, సగానికి సగం ఒకే మూసలో రాసినవే. "బంధువుల ఇంటికి వెళ్తాడు, టైలరింగ్ నేర్చుకుంటాడు." ఆ బంధువులెవరో నాకూ తెలియదు, వాడికీ తెలియదు.

చల్లగాలి | ఆదివారం, మధ్యాహ్నం 2:15

అందరికీ థాంక్స్. ఇప్పుడే ఫైలు మొత్తం బయటికి తీశాం. టెన్త్ మెమో, ఆధార్, పాస్‌బుక్, ఒక గ్రూప్ ఫొటో, టీకాల కార్డు. బోర్డు ఉత్తర్వు లేదు. ప్లాన్ అన్నది ఉంటుందని కూడా వాడికి తెలియదు.

నెల కింద నేను ఊరుకోలేక ఒకసారి వాడిని వెంటబెట్టుకుని వెళ్ళానండి. ఒక ఆఫీసులో, ఇతను కేసులో వచ్చినవాడు, బోర్డుకి పొమ్మన్నారు. బోర్డు దగ్గర గుమస్తా, కేసు ఎప్పుడో అయిపోయింది, తర్వాత ఉన్నది సీడబ్ల్యూసీ హోమ్‌లో కదా, అక్కడే అడగమన్నాడు. రెండు చోట్లా మర్యాదగానే మాట్లాడారు. కాగితం మాత్రం ఎవరూ తీసుకోలేదు. తిరుగు బస్సులో బుజ్జి "నేను ఏ లెక్కలోకి వస్తాను సార్" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు.

నల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 2:50

రెండు లెక్కల్లోకీ వస్తాడు. ఇది నేను రోజూ చూసే బంతాట. చట్టం పిల్లల్ని రెండు గదుల్లో పెట్టింది: చట్టంతో ఘర్షణ పడినవాళ్ళు, అంటే కేసుల్లో పడినవాళ్ళు, జేజే బోర్డుకి, సంరక్షణ అవసరమైనవాళ్ళు సీడబ్ల్యూసీకి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. సీడబ్ల్యూసీలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. కానీ బండి తీసే ముఠాకి కాపలా నిలబడ్డ అనాథ పిల్లవాడు రెండు గదుల్లోనూ ఉంటాడు. అందుకే సెక్షన్ 8లోనే ఒక దారి పెట్టారు. ఘర్షణ పడిన పిల్లవాడికి సంరక్షణ కూడా అవసరమైతే బోర్డు అతన్ని సీడబ్ల్యూసీకి అప్పగించవచ్చు. మీవాడికి జరిగింది అదే అయి ఉండాలి.

కాబట్టి ఎవరూ "మా లెక్క కాదు" అనడానికి లేదు. ఆఫ్టర్‌కేర్ ఉత్తర్వు బోర్డైనా ఇవ్వొచ్చు, సీడబ్ల్యూసీ అయినా ఇవ్వొచ్చు. ఆఖరున ఏ ఉత్తర్వుతో హోమ్‌లో ఉన్నాడో అక్కడ పెట్టండి, అంటే సీడబ్ల్యూసీ. ఒక కాపీ జిల్లా బాలల పరిరక్షణ అధికారికి ఇవ్వండి. నోటిమాట వద్దు. రాసిచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. కాగితం లోపలికి వెళ్తే ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది, నోటితో అడిగితే ఆ అవసరం రాదు.

కందిపచ్చడి | ఆదివారం, రాత్రి 9:48

నేను ఇక్కడ వంటల విభాగంలో తప్ప కనపడను. ఈ చర్చ మధ్యాహ్నం నుంచి నాలుగుసార్లు తెరిచి మూశాను.

నేను బాలసదనం పిల్లని. ఆరేళ్ళప్పటి నుంచీ అక్కడే. ఇప్పుడు స్టాఫ్ నర్సుని. చల్లగాలి అన్నా, మీవాడు షట్టర్ దగ్గర నిలబడేది టిఫిన్ లైను కోసం. నేను నర్సింగ్ హాస్టల్‌లో ఏడాదిన్నర అలాగే నిలబడ్డాను. లైను ఉండేది కాదు, నేనొక్కదాన్నే. తిట్టకండి, నవ్వకండి, అదే పోతుంది.

నాకు పుట్టినరోజంటే భయం. మా బ్యాచ్‌లో సగం మందికి జూన్‌లోనే పుట్టినరోజు, బడిలో చేర్చేటప్పుడు అలా రాసేశారు. నా విషయంలో ఆ కాగితం కూడా సరిగ్గా లేక ఎముకల పరీక్షకి పంపారు. ఎక్స్‌రే చూసి 18 నిండాయన్నారు. నాకు తెలిసి ఇంకో ఏడాది ఉంది. ఆ ఎక్స్‌రేతో నా ఇల్లు ఒక ఏడాది ముందే పోయింది. అప్పుడు ఆఫ్టర్‌కేర్ అన్న మాట కూడా ఎవరూ చెప్పలేదు.

మీవాడి కోసం కొన్ని పనికొచ్చే మాటలు. మొదట ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు ఉందో చూడండి. నాకు హోమ్ సూపరింటెండెంట్ మేడమ్ నంబరు ఉండేది. ఆవిడ బదిలీ అయ్యారు, నంబరు మార్చేశారు, నా ఓటీపీలన్నీ ఎవరికో వెళ్ళేవి. ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్ర వేస్తే నంబరు మారుస్తారు, దానికి వేరే కాగితాలు అడగరు. తర్వాత బ్యాంకు. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయదు. డబ్బు మంజూరైనా తిరిగి పోవచ్చు. కేవైసీ ఇప్పుడే చేయించండి, ఖాతాకి ఆధార్ లింకైందో లేదో అడగండి.

ఇంకోటి. ఇది చాలామందికి తెలియదు. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసుకునేవాళ్ళెవరూ లేక, ప్రభుత్వ హోమ్‌లోనో బడిలోనో లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్నదాంట్లోనో చేరిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. కులం కాలమ్ దగ్గర ఆగిపోయేవాళ్ళం కదా, దానికి ఇది దారి. మీవాడి అమ్మానాన్నలు ఎప్పుడు పోయారో కనుక్కోండి. నాకు నర్సింగ్ సీటప్పుడు ఆ సర్టిఫికెట్ పనికొచ్చింది. తహసీల్దార్ ఆఫీసులో ఆ జాబితా ప్రింటు తీసుకెళ్ళి చూపిస్తే గానీ నమ్మలేదు.

చల్లగాలి | ఆదివారం, రాత్రి 10:10

అక్కా, ఆధార్‌కి ఉన్నది వాడి నంబరు కాదు. ఇప్పుడే చూశాం. చివర 47 ఉన్న నంబరెవరిదో వాడికీ తెలియదు.

శాక్రమెంటో శీను | సోమవారం, ఉదయం 6:12

మాది గుంటూరు, పదిహేనేళ్ళుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఇక్కడ ఫోస్టర్ పిల్లలకు (కన్నవాళ్ళ దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో పెరిగేవాళ్ళకు) తోడుగా కోర్టు వాలంటీర్లని నియమిస్తుంది, నేను ఆ పని చేస్తున్నాను. పోలిక కోసం నాలుగు ముక్కలు.

ఇక్కడ 2010లో ఒక చట్టం చేశారు, 2012 జనవరి నుంచి అమలు. 18 నిండినా 21 దాకా ఫోస్టర్ కేర్‌లో కొనసాగవచ్చు. షరతులున్నాయి: చదువుతూ ఉండాలి, లేదా నెలకు కనీసం 80 గంటలు పని చేయాలి, లేదా ఉద్యోగానికి పనికొచ్చే శిక్షణలో ఉండాలి. ఆరోగ్యం బాగాలేనివాళ్ళకి మినహాయింపు. కేసుల్లో పడి ప్రొబేషన్ ద్వారా ఫోస్టర్ ఇళ్ళలో ఉన్న పిల్లలకూ ఇది వర్తిస్తుంది, వాళ్ళని వేరే గదిలో పెట్టలేదు. లాయరుగారు చెప్పిన బంతాట ఇక్కడ చట్టంలోనే కొంత తగ్గించారు. వైద్య బీమా అయితే దేశమంతా 26 ఏళ్ళ దాకా.

అంతా బంగారం అనుకోకండి. నేను చూసే అబ్బాయి కారులో పడుకున్న రాత్రులున్నాయి, ఇంటద్దె అలా ఉంది. కానీ వాడికి 18 నిండిన రోజు గేటు మూసుకోలేదు. ఒకసారి వద్దని వెళ్ళిపోయి, మళ్ళీ 19లో వచ్చి చేరాడు. అలా తిరిగి రానివ్వడం ఉందే, అది నాకు బాగా నచ్చింది. ఆ వయసులో మన పిల్లలు ఎన్నిసార్లు అలిగి ఇంటికి రాలేదూ?

కుండబద్దలు | సోమవారం, ఉదయం 8:40

కందిపచ్చడి గారి సంగతి వేరు. ఆవిడ ఏ నేరమూ చేయలేదు. ఆవిడకు నాలుగు వేలు కాదు, పది వేలిచ్చినా నేను కాదనను. నేను మాట్లాడేది దొంగతనం చేసినవాళ్ళ గురించి. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

కందిపచ్చడి | సోమవారం, మధ్యాహ్నం 1:30

అన్నా, నాతోపాటు పెరిగిన పిల్లకి నాలాగే ఎముకల పరీక్ష చేసి పంపించారు. నాకు నర్సింగ్ సీటొచ్చింది, దానికి రాలేదు. అది తర్వాత ఒక కేసులో ఇరుక్కుంది. మా ఇద్దరి మధ్య తేడా ఆ సీటు ఒక్కటే. నన్ను పక్కన పెట్టి మెచ్చుకోవద్దు, ప్లీజ్.

మీ అమ్మగారి మెడ ఎలా ఉంది? ఆ గీత నల్లగా మిగిలితే మా ఆసుపత్రిలో స్కిన్ డాక్టరుగారు ఒక ఆయింట్‌మెంట్ రాస్తారు, మెసేజ్ చేయండి, కనుక్కుని చెప్తాను.

మాజీ పీవో | సోమవారం, సాయంత్రం 5:55

కుండబద్దలు బాబూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. ముప్ఫై ఏళ్ళు ఆ కోపం ఎదురుగా కూర్చున్నవాణ్ణి. చట్టంలో అసలు శిక్ష లేదనుకోకు. మందలించి పంపడం దగ్గర్నుంచి సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్, స్పెషల్ హోమ్‌లో మూడేళ్ళ దాకా ఉంది. 16 దాటి ఘోరమైన నేరం చేస్తే పెద్దవాడిలాగా విచారించాలా అని బోర్డు పరీక్షించే పద్ధతి కూడా 2015 చట్టంలోనే వచ్చింది.

కానీ మూడేళ్ళయ్యాక? బయటికి రావాల్సిందే కదా. నేను గేటు దగ్గర చాలా విడుదలలు చూశాను. తల్లి వచ్చినవాడు తల్లితో వెళ్తాడు. ఎవరూ రానివాడి కోసం కూడా ఒకరు వస్తారు. అవతలి పాన్‌డబ్బా దగ్గర బైక్ ఆపుకుని నిలబడతారు. మొదటిసారి వాడిని పనిలో పెట్టినవాళ్ళే. బిరియానీ పెట్టిస్తారు, ఫోన్ కొనిస్తారు. సర్కారు నాలుగు వేలు ఇవ్వడానికి ఆరు నెలలు పడితే వాళ్ళకు ఆరు నిమిషాలు చాలు.

ఒక పిల్లవాడి గురించి నేను "బంధువుల ఇంటికి" అని రాసి పంపాను. పాన్‌డబ్బా నాకు కనపడుతూనే ఉంది. సంతకం పెట్టాను. ఇంతకంటే రాయను.

కుండబద్దలు | సోమవారం, రాత్రి 7:02

అమ్మ మెడ ఫర్వాలేదు అక్కా. మెసేజ్ చేస్తాను. పీవో గారూ, నా అభిప్రాయం పెద్దగా మారలేదు గానీ, మీరు చెప్పిన పాన్‌డబ్బా సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

రాజ్యలక్ష్మి టీచర్ | మంగళవారం, ఉదయం 10:20

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఒంటరిదాన్ని, 44 ఏళ్ళు, ప్రభుత్వ బడిలో టీచర్ని. ఇలాంటి పిల్లల్ని 18 దాకా హోమ్‌లో ఉంచడం కంటే ఇంట్లో పెట్టుకోవచ్చు కదా? పెళ్ళి కానివాళ్ళకు ఇస్తారా?

నల్లకోటు | మంగళవారం, ఉదయం 11:00

ఇస్తారు టీచరుగారూ. 2024లో ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు మార్చారు. 35 దాటిన ఒంటరివాళ్ళు కూడా పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచవచ్చు. రెండేళ్ళు కుదురుగా సాగితే దత్తతకి అడగవచ్చు, అంతకుముందు అయిదేళ్ళు ఆగాల్సి వచ్చేది. నెలకు ఇచ్చేది ఇక్కడా 4,000. కానీ పదేళ్ళు దాటిన పిల్లల్ని అడిగేవాళ్ళు తక్కువ. మీరు నిజంగా అడిగేట్టయితే పెద్ద పిల్లని అడగండి.

గోడకుర్చీ, నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 11:25

టీచరుగారి ప్రశ్నకి వేరే చర్చ తెరిచాను, ఫోస్టర్ కేర్ మాటలు అక్కడ సాగించండి. ఇంకో మనవి. పిల్లవాడి ఊరు, హోమ్ పేరు, కేసు నంబరు, ఫొటో ఎవరూ అడగొద్దు, పెట్టొద్దు. బాల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద అలా బయటపెట్టడం నేరం, ఆరు నెలల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ ఉంటాయి. ఎవరో సదుద్దేశంతో "ఏ హోమ్?" అని అడిగిన వ్యాఖ్య తీసేశాను.

చల్లగాలి | గురువారం, రాత్రి 11:05

పీవో గారు చెప్పిన పాన్‌డబ్బా ఇవాళ మా షాపుకే వచ్చింది.

సాయంత్రం నేను కంప్రెసర్ విప్పుతున్నాను. బయట బండి ఆగింది. "ఏంరా, మెకానిక్ అయిపోయినవా" అని ఒకతను. బుజ్జి చేతిలో స్పానర్ కింద పడిపోయింది. ఆ ఇద్దరిలో ఒకడట. బెయిల్ మీద బయటున్నాడట. ఏమీ అనలేదు, నవ్వుతూ నాతో కూడా మాట్లాడాడు, మా ఇంటి ఫ్రిజ్ కూడా చూడాలి అన్నా అన్నాడు. వెళ్ళేటప్పుడు బుజ్జి నంబరు అడిగాడు. వీడు ఇచ్చేశాడు. ఎందుకిచ్చావురా అంటే, "అడిగితే ఇవ్వకూడదని తెలియదు సార్" అన్నాడు.

వాడి మీద అరిచేశాను. ఇప్పుడు బాధగా ఉంది. అన్నం తినకుండా షాపులో పడుకున్నాడు. ఏం చేయమంటారు?

మాజీ పీవో | గురువారం, రాత్రి 11:30

ఇప్పుడే వెళ్ళండి. అన్నం పట్టుకెళ్ళండి. తప్పు నీది కాదు, అరవడం నాది తప్పు అని చెప్పండి. మా రోజుల్లో ఈ మాట మేమెవరం ఆ పిల్లలతో అనలేదు.

రేపు కొత్త సిమ్ తీసుకోండి, ఎలాగూ ఆధార్‌కి పెట్టడానికి వాడి పేరు మీద ఒకటి కావాలి. ఆ బండి మీద వచ్చినవాడు మళ్ళీ వస్తే మీరు బయటికి వచ్చి నిలబడండి, చాలు. గొడవ పడొద్దు. ఏదైనా బెదిరింపు ఉంటే రాసిపెట్టుకుని లాయరుగారికి చెప్పండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుంది.

కందిపచ్చడి | గురువారం, రాత్రి 11:41

"వద్దు" అనడం హోమ్‌లో ఎవరూ నేర్పరు అన్నా. అంటే దెబ్బలు. షాపుకి వచ్చే బేరగాళ్ళతో వాడిని మాట్లాడనివ్వండి. "కుదరదు, ఆదివారం రాను" అని రోజుకి ఒక్కసారైనా అననివ్వండి.

చల్లగాలి | శుక్రవారం, ఉదయం 6:20

తిన్నాడు. రాత్రి పన్నెండున్నరకి. పచ్చడి ఇంకొంచెం కావాలని అడిగాడు. మూడు నెలల్లో మొదటిసారి.

నల్లకోటు | శుక్రవారం, ఉదయం 9:15

సిమ్ సంగతి పీవో గారు చెప్పారు. నేను రెండో ప్రశ్నకి వస్తాను, అది ఇన్ని రోజులు ఆగిపోయింది.

దొంగతనం పాత ఐపీసీ 379 కింద అయితే గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. కాబట్టి బాల న్యాయ చట్టం లెక్కలో అది చిన్న నేరం. చిన్న నేరాల్లో విచారణ నాలుగు నెలల్లో, మహా అయితే ఇంకో రెండు నెలల్లో ముగించాలి. ముగియకపోతే అక్కడితో ఆగిపోయినట్టే. బోర్డు తప్పు తేల్చినా సెక్షన్ 24 ప్రకారం ఆ తీర్పు వల్ల ఏ అనర్హతా అంటుకోదు. సెక్షన్ 74లోనే ఇంకో మాట ఉంది: కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా, ఇంకెందుకైనా పోలీసులు ఆ పిల్లవాడి రికార్డు బయటపెట్టకూడదు.

మాజీ పీవో | శుక్రవారం, ఉదయం 10:02

మరి ఇంకేం, అప్లికేషన్‌లో "కేసులు లేవు" అని రాసేయమనండి. రికార్డే చెరిపేస్తారు కదా.

నల్లకోటు | శుక్రవారం, ఉదయం 10:30

అలా కళ్ళు మూసుకుని రాయొద్దు సార్. నియమాల్లో రికార్డు అప్పీలు గడువు ముగిసేదాకా లేదా ఏడేళ్ళ దాకా భద్రపరచి, తర్వాత నాశనం చేయాలని ఉంది. ఈ కేసుకి రెండేళ్ళే అయింది. పైగా పెద్దవాళ్ళ మీద ఉన్న కేసు ఇంకా నడుస్తోంది, ఆ ఎఫ్ఐఆర్‌లో వీడి పేరు ఉండొచ్చు. స్టేషన్‌లో ఎవరైనా కంప్యూటర్ నొక్కితే కనపడొచ్చు. చట్టం చెప్పకూడదంటుంది, కానీ మన దగ్గర చెప్పేస్తారు.

2019లో సుప్రీంకోర్టుకి ఇలాంటిదే వెళ్ళింది. కేంద్ర బలగంలో ఎంపికైన అబ్బాయి, మైనర్‌గా ఉన్నప్పటి కేసు ఉందని ఉద్యోగం ఆపారు. చిన్నప్పటి తప్పు తాలూకు మచ్చ తుడిచేయాలన్నదే ఈ చట్టం ఉద్దేశమని కోర్టు అతని వైపే చెప్పింది. బాగానే ఉంది, కానీ అంతదాకా వెళ్ళడానికి ఆ అబ్బాయికి ఎన్నేళ్ళు పోయాయో ఆలోచించండి. మనవాడికి అన్నేళ్ళు లేవు.

అందుకని నా సలహా: ఉద్యోగం వెరిఫికేషన్ కోసం నింపే అటెస్టేషన్ ఫారం వచ్చినప్పుడు ప్రశ్న అక్షరం అక్షరం చదవండి. ఎప్పుడైనా పట్టుకున్నారా, కేసు పెట్టారా అని అడిగితే, బాల న్యాయ చట్టం కింద ముగిసింది, సెక్షన్ 24 ప్రకారం అనర్హత లేదు అని రాసి ఉత్తర్వు జతచేయడమే నయం. ఇక్కడ మా లాయర్లలోనే రెండు మాటలున్నాయి. అసలు అడగడమే తప్పు, చెప్పనక్కర్లేదు అనేవాళ్ళున్నారు. నేను మాత్రం పిల్లవాడి నెత్తిన ఆ పందెం వేయను. ముందు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. బోర్డులో కాపీ దరఖాస్తు పెట్టుకోవడం అతని హక్కు.

కుండబద్దలు | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

కాపీ దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే నేను రాసిస్తాను. నేను డీటీపీ సెంటర్లో చేస్తాను. సీడబ్ల్యూసీకి ఇచ్చేది కూడా టైపు చేసి పీడీఎఫ్ పంపిస్తాను. డబ్బులొద్దు. మీరు వివరాలు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ కాదు, అడ్మిన్ గారు మళ్ళీ తిడతారు.

నల్లకోటు | శుక్రవారం, మధ్యాహ్నం 12:40

ఒక్క పేజీ దాటొద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ హోమ్‌లో ఉన్నాడు, 18 ఎప్పుడు నిండాయి, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాడు, ఏ పని నేర్చుకుంటున్నాడు. సెక్షన్ 46, 2016 నియమాల్లో 25వ నియమం, మిషన్ వాత్సల్య కింద ఆఫ్టర్‌కేర్ సాయం కోరుతున్నాను అని రాయండి. జీతం వస్తోందని దాచొద్దు. ఇవ్వం అనాలనుకుంటే కారణం రాసి ఇమ్మని అడగండి. ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, మెమో జతచేయండి. సంతకం బుజ్జిదే ఉండాలి, మీది కాదు.

చల్లగాలి | 19 రోజుల తర్వాత, రాత్రి 9:30

ఆలస్యానికి క్షమించండి. ఎండలు ముదిరాయి, షాపులో ఊపిరాడట్లేదు.

సిమ్ మారింది, ఆధార్ నంబరు మారింది, ఖాతా మళ్ళీ తెరుచుకుంది. కుండబద్దలు అన్న టైపు చేసిన కాగితం పట్టుకుని బుజ్జి ఒక్కడే లోపలికి వెళ్ళాడు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని వచ్చాడు. మొదట "తర్వాత రా" అన్నారట. "కుదరదు సార్, షాపు ఉంది" అన్నాడట! అక్కా, నీ ట్రైనింగే.

డబ్బు ఇంకా రాలేదు. బడ్జెట్ రావాలంటున్నారు. ఇంటికి వచ్చి విచారణ చేసే మేడమ్ ఒకరు వచ్చి వెళ్ళారు. వాడు పడుకునే చోటు, బాత్రూమ్ చూశారు, అన్నీ రాసుకున్నారు. ఆవిడకి ఏడు మండలాలట.

అమ్మానాన్నల సంగతి: నాన్న తెలియదు, అమ్మ పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళని పాత హోమ్ రిజిస్టర్లో ఉంది. అంటే బీసీ-ఏ కింద అడగొచ్చేమో. ఆ జాబితా ప్రింటు తీసిపెట్టాను, వచ్చే వారం తహసీల్దార్ ఆఫీసు.

ఆ బండి మీద వచ్చినతను మళ్ళీ ఒకసారి వచ్చాడు. నేను బయటికొచ్చి నిలబడ్డాను. మా ఆవిడ కూడా వచ్చి నిలబడింది, చేతిలో చీపురుతో. వెళ్ళిపోయాడు.

బోర్డు ఉత్తర్వు కాపీ నిన్న చేతికొచ్చింది. మందలించి సీడబ్ల్యూసీకి అప్పగించారని రాసి ఉంది. లాయరుగారికి మెసేజ్‌లో ఫొటో పెట్టాను.

నల్లకోటు | అదే రోజు, రాత్రి 10:05

చూశాను. మొదటి పేజీ బాగుంది. రెండో పేజీలో స్టాంపు, తేదీ మసకగా ఉన్నాయి, ఫారానికి జతచేయాలంటే అవే ముఖ్యం. లైటు కింద పెట్టి మళ్ళీ తీసి పంపండి.

చల్లగాలి | అదే రోజు, రాత్రి 10:12

రేపు పంపిస్తాను సార్. కాగితం బుజ్జి దగ్గర ఉంది. కలెక్టరాఫీసు వెనకాల ఒక ఇంట్లో ఏసీ నీళ్ళు కారుతుందని ఫోనొస్తే, నా బండి తీసుకుని వెళ్ళాడు.